ఒక ఇంటిపేరు – ఐదుగురు కార్నోలు

తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. ముందు వచ్చినప్పటికీ దానికి దక్కే చోటు మాత్రం స్వల్పమే. హాజరుపట్టీలో, జీతపు చీటీలో, గుర్తింపు కార్డులో అది ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. లోకం మనిషిని పిలిచేది తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే. ఫ్రెంచివారి పద్ధతి దీనికి తలక్రిందులు. వారికి ఇంటిపేరు చివర వస్తుంది, చరిత్రలో నిలిచేది కూడా అదే. పెట్టిన పేరు క్రమంగా మరుగున పడిపోతుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. ఒకే ఇంట తండ్రి, కొడుకులు, మనుమలు ప్రసిద్ధులైనప్పుడు ఏ ఘనత ఎవరిదో తెలియక చదువరి తికమకపడతాడు. ఈ సంచికలో మేము పరిచయం చేయదలచినది అటువంటి ఒక ఇంటిపేరునే. అది ‘కార్నో’. మనలో ఇంజనీరింగ్ చదివినవారు చాలామంది దీనిని ‘కార్నాట్’ అని పలుకుతారు. ఫ్రెంచివారు చివరి టకారాన్ని పలుకరు.

పారిస్‌లోని ఈఫెల్ గోపురం 1889లో పూర్తయినది. దాని మొదటి అంతస్తు దిగువన చుట్టూ 72 మంది ఫ్రెంచి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. అన్నీ ఇంటిపేర్లే. వాటిలో ‘కార్నో’ ఒకటి. క్రింద నిలబడి చదివే యాత్రికునికి అది తండ్రి పేరో కొడుకు పేరో ఆ అక్షరాలు చెప్పవు. ఆ గోపురం ప్రారంభమైన సంవత్సరంలో ఫ్రాన్సు దేశాధ్యక్షుని ఇంటిపేరు కూడా కార్నోయే! కావున వరుసగా చెప్పుకుందాము.

తండ్రి – లాజార్ కార్నో

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో నోలే అనే చిన్న పట్టణమున్నది. 1753 మే 13న లాజార్ కార్నో అక్కడ జన్మించారు. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో గణితవేత్త గాస్పార్ మోంజ్ వద్ద చదువుకున్నారు. కోటల నిర్మాణం ఆయన వృత్తి, యంత్రాల గురించిన ఆలోచన ఆయన వ్యసనం. 1783లో యంత్రాల సామాన్య సిద్ధాంతంపై ఒక గ్రంథం వెలువరించారు. ఆ యంత్రం, ఈ యంత్రం అని కాక, అన్ని యంత్రాలకూ వర్తించే సూత్రమేదైనా ఉన్నదా అన్నదే అందులోని ప్రశ్న.

ఆయన చెప్పిన సంగతి మన వర్క్‌షాపులో పనిచేసే ప్రతివారికీ అనుభవంలో ఉన్నదే. నీటిచక్రాన్ని ఉదాహరణగా తీసుకుందాము. నీరు చక్రపు రేకులను ఒక్కసారిగా ఢీకొని చెదిరిపోతే శక్తి వృథా అవుతుంది. నీరు తాకిడి లేకుండా చక్రంలో ప్రవేశించాలి, వేగమంతా చక్రానికి ఇచ్చివేసి నెమ్మదిగా బయటికి పోవాలి. అప్పుడే ఆ నీటి నుండి రాబట్టగలిగినంత పని రాబట్టినట్లు. క్లుప్తంగా చెప్పాలంటే, యంత్రంలో ప్రతి కుదుపూ ఒక నష్టమే.

ఈ ఇంజనీరు 1791లో శాసనసభకు ఎన్నికయ్యారు. ఫ్రెంచి విప్లవం ఉద్ధృతంగా సాగుతున్న రోజులవి. 1793 ఆగస్టులో ప్రజారక్షణ సంఘంలో సభ్యులై, సైన్య వ్యవహారాల భారం వహించారు. అప్పుడు ఫ్రాన్సుపై చుట్టుప్రక్కల రాజ్యాలన్నీ దండెత్తి ఉన్నాయి. ఆ నెలలోనే దేశంలోని యువకులందరినీ సైన్యంలోకి పిలుస్తూ ఆజ్ఞ వెలువడినది. మనుషులను పిలవటం సులభమే. వారికి తిండి, బట్ట, తుపాకి, మందుగుండు సమకూర్చి, సమయానికి సరియైన చోటికి చేర్చటమే కష్టం. ఆ పనిని లాజార్ ఒక ఇంజనీరు పద్ధతిలో నిర్వహించారు. అక్టోబరులో వాటిన్యీ వద్ద జరిగిన యుద్ధంలో స్వయంగా సైనికుల మధ్య నిలిచారు. చరిత్రకారులు ఆయనను ‘విజయ నిర్వాహకుడు’ అంటారు.

ఈ ఘనతకు ఒక మచ్చ కూడా అంటుకొని ఉన్నది. వేలాది మందిని వధ్యశిలకు పంపిన ఆ భీకర పాలనను నడిపినది కూడా ఈ సంఘమే. లాజార్ దృష్టి యుద్ధరంగంపైనే ఉండినప్పటికీ సంఘం నిర్ణయాలలో ఆయన సంతకాలు కూడా ఉన్నాయి. రాజుకు మరణశిక్ష విధించాలని ఓటు వేసినవారిలోనూ ఆయన ఉన్నారు. ఇంటిపేరుతో పాటు ఈ బరువు కూడా బిడ్డలకు సంక్రమించినది.

1797లో రాజకీయ కుట్ర జరిగి, లాజార్ దేశం విడిచి పారిపోవలసి వచ్చినది. జాతీయ విద్వత్ పరిషత్తులో ఆయన స్థానం ఖాళీ అయితే, ఆ కుర్చీలో ఎన్నికై కూర్చున్నది ఎవరనుకుంటారు? యువ సేనాని నెపోలియన్ బోనపార్టే! తరువాత అదే నెపోలియన్ పాలనలో లాజార్ తిరిగివచ్చి 1800లో కొద్ది నెలలు యుద్ధమంత్రిగా పనిచేశారు. కాని 1802లో నెపోలియన్‌ను యావజ్జీవ పాలకుని చేసే ప్రతిపాదనకు, 1804లో చక్రవర్తిని చేసే ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. పదవులు పోయిన ఆ కాలంలో గణితగ్రంథాలు వ్రాస్తూ, తన ఇద్దరు కుమారులకు తానే చదువు చెప్పారు. 1814లో శత్రువులు దేశంలో ప్రవేశించినప్పుడు మాత్రం, అరవై ఏళ్ళు దాటిన వయస్సులో, తాను వ్యతిరేకించిన చక్రవర్తికే తన సేవ నందించి ఆంట్‌వెర్ప్ నగరాన్ని కాపాడారు. రాజరికం తిరిగి వచ్చిన తరువాత ఆయన ప్రవాసానికి పోయి, 1823 ఆగస్టు 2న జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో కన్నుమూశారు.

పెద్దకొడుకు – సాది కార్నో

1796 జూన్ 1న పారిస్‌లో జన్మించిన పెద్దకుమారునికి లాజార్ పెట్టుకున్న పేరు ‘సాది’. షిరాజ్ నగరానికి చెందిన పారశీక మహాకవి పేరది. ఆ కవి రచించిన గులిస్తాన్, బోస్తాన్ మన దేశంలో పారశీకం నేర్చిన అనేక తరాలకు పాఠ్యగ్రంథాలు. ఇంజనీరైన తండ్రి కవి పేరు పెట్టుకున్న ఆ బిడ్డ నేడు ప్రపంచంలోని ప్రతి ఇంజనీరింగ్ కళాశాలలో పాఠమైనాడు.

బాల్యంలోని ఒక ముచ్చటను తమ్ముడు ఇప్పోలిత్ వ్రాసి ఉంచారు. తండ్రి యుద్ధమంత్రిగా ఉన్న రోజులలో నెపోలియన్ ఒకనాడు కొలనులో పడవపై విహరిస్తున్న స్త్రీల దగ్గర నీటిలో రాళ్ళు విసిరి, వారిపై నీళ్ళు చిందేటట్లు వినోదిస్తున్నారట. నాలుగేళ్ళ సాది ఎదురుగా నిలబడి, ఆడవారిని ఏడిపించవద్దని ఆ మహాయోధుని గద్దించాడట. నెపోలియన్ పకపక నవ్వారు.

సాది పదహారేళ్ళకే పారిస్‌లోని పాలిటెక్నిక్‌లో చేరారు. అనంతరం సైనిక ఇంజనీరయ్యారు. అయితే 1815 తరువాత తండ్రి ప్రవాసి. ఒకనాడు తలుపులు తెరిచిన ఇంటిపేరే అప్పుడు అడ్డుగోడ అయినది. యువ అధికారిని ఒక కోట నుండి మరొక కోటకు పంపుతూ, గోడల కొలతలు, పటాలు గీయటం వంటి పనులు అప్పగించారు. విసిగి, 1819లో సగం జీతంపై సెలవు పొంది పారిస్ చేరారు. 1821లో మాగ్డెబర్గ్ వెళ్ళి తండ్రిని చూచి వచ్చారు. తిరిగివచ్చిన పిమ్మట ఆవిరియంత్రంపై తీవ్రంగా ఆలోచించటం మొదలుపెట్టారు.

1824లో ‘అగ్ని చోదకశక్తిపై ఆలోచనలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఆయన పుస్తకం వెలువడినది. 118 పుటలు, 600 ప్రతులు. ఆవిరియంత్రాలు అప్పటికే ఇంగ్లండులో గనులను, మిల్లులను నడుపుతున్నాయి. యంత్రాన్ని మెరుగుపరిచేవారు అనేకులు. మెరుగుపరచటానికి హద్దు ఎక్కడ అని అడిగినవారు లేరు. సాది అడిగారు.

ఆయన ఇచ్చిన సమాధానాన్ని మన ఇళ్ళలోని సోదరీమణులకు కూడా తెలిసేటట్లు చెప్పుకోవచ్చును. పొయ్యి మీది కుక్కరు బరువును పైకెత్తేది ఆవిరే. కాని అలా ఎత్తిన ఆవిరి బయటికి పోతుంది, దానితో ఆ పని ముగుస్తుంది. యంత్రం నిరంతరం తిరగాలంటే వేడి ఒక్కటే చాలదు, చల్లని చోటు కూడా కావాలి. నీరు ఎత్తు నుండి పల్లానికి దిగుతూ చక్రాన్ని త్రిప్పినట్లే, ఉష్ణం వేడిచోటు నుండి చల్లనిచోటుకు దిగుతూ యంత్రాన్ని త్రిప్పుతుంది. రాబట్టగలిగిన పనికి గరిష్ఠ పరిమితిని నిర్ణయించేవి ఆ రెండు ఉష్ణోగ్రతలే. లోపల ఉన్నది నీటి ఆవిరా, గాలా, మరొక వాయువా అన్నది ఆ పరిమితిని మార్చలేదు.

ఇక్కడ తండ్రి గొంతు వినిపించటం లేదా? నీరు చక్రాన్ని ఢీకొనకూడదు అన్నారు లాజార్. వేడి వస్తువు చల్లని వస్తువును ఊరికే తాకి, ఏ పనీ చేయించకుండా ఉష్ణం జారిపోనివ్వకూడదు అన్నారు సాది. ఇంటిపేరుతో పాటు కొడుక్కి దక్కిన అసలైన ఆస్తి ఈ ఆలోచనా విధానమే. తండ్రి నీటిని గురించి అడిగిన ప్రశ్నను కొడుకు నిప్పును గురించి అడిగారు.

ఈ పరిమితి నేటికీ మన దేశంలోని ప్రతి బొగ్గు విద్యుత్కేంద్రంలోనూ అమలులో ఉన్నది. టర్బైన్‌లోకి వచ్చే ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్ అనుకుందాము. పరమ ఉష్ణోగ్రతలో అది 813. కండెన్సర్‌లో 40 డిగ్రీలు, అనగా 313. ఈ రెండింటి మధ్య పనిచేసే ఏ యంత్రమైనా, ఎంతటి నిపుణుడు తయారుచేసినప్పటికీ, నూటికి 61.5 వంతులకు మించి ఉష్ణాన్ని పనిగా మార్చలేదు. ఆచరణలో ఇటువంటి కేంద్రాలలో లభించేది సుమారు 35 నుండి 40 వంతులు. వేసవిలో శీతలీకరణ నీరు వేడెక్కితే ఉత్పత్తి తగ్గటానికి కారణం కూడా ఇదే. చల్లదనం తగ్గితే దిగవలసిన ఎత్తు తగ్గినట్లే కదా!

ఇంతటి పుస్తకాన్ని విద్వాంసులు పట్టించుకోలేదు. 1832 ఆగస్టు 24న సాది కలరా సోకి మరణించారు. వయస్సు ముప్పది ఆరు. అంటువ్యాధి భయంతో ఆయన వస్తువులను, కాగితాలను చాలావరకు నాశనం చేశారు. కొన్ని మాత్రమే తమ్ముని వద్ద మిగిలాయి.

చిన్నకొడుకు – ఇప్పోలిత్ కార్నో

ఇప్పోలిత్ 1801లో జన్మించారు. యంత్రాల వైపు పోక, సాంఘిక విషయాలపై రచనలు చేస్తూ రాజకీయాలలో ప్రవేశించారు. 1848లో గణతంత్రం ఏర్పడినప్పుడు విద్యామంత్రి అయ్యారు. బాలురకూ బాలికలకూ ప్రాథమిక విద్య నిర్బంధంగా, ఉచితంగా ఉండాలని, ఉపాధ్యాయుల జీతాలు పెరగాలని బిల్లు ప్రవేశపెట్టారు. బిల్లు ప్రవేశపెట్టిన కొద్ది రోజులకే జూలైలో పదవి పోయినది. బిల్లు మూలపడినది. సరిగ్గా అదే లక్ష్యంతో 1881, 1882లలో ఫ్రాన్సు చట్టాలు చేసినప్పుడు ఇప్పోలిత్ ఎనభై ఏళ్ళ వృద్ధులు, సెనేటు సభ్యులు. తాను నాటిన విత్తనం మొలకెత్తటం కన్నులారా చూచుకున్నారు.

ఈ అన్నదమ్ముల విషయంలో ఇంటిపేరు చేసిన ఒక చిత్రాన్ని చెప్పాలి. సాది ఆలోచనలను క్లాపేరోన్ అనే ఇంజనీరు 1834లో ఒక వ్యాసంగా, రేఖాపటాలతో వివరించారు. ఆ వ్యాసం చదివిన విలియం థామ్సన్ అనే యువకుడు 1845లో పారిస్‌లో ఉండి, మూలగ్రంథం కోసం పుస్తకాల అంగళ్ళన్నీ తిరిగాడు. కార్నో పుస్తకం కావాలని అడిగితే, అంగడివారు ఇప్పోలిత్ కార్నో రచనలను తీసి చూపించారు. అగ్నిని గురించి వ్రాసిన కార్నో ఎవరో వారికి తెలియదు. అన్న చనిపోయి పదమూడేళ్ళే అయినది. తమ్ముని కీర్తి నీడలో అన్న పేరు కనబడకుండా పోయినది. థామ్సన్‌కు ఆ పుస్తకం దొరకటానికి మరి మూడేళ్ళు పట్టినది. ఆయనే తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్. సాది సూత్రమే ఆధారంగా 1848లో ఆయన ప్రతిపాదించిన పరమ ఉష్ణోగ్రతా మానాన్నే నేడు మనం కెల్విన్లలో కొలుస్తున్నాము.

అన్న పేరును తిరిగి వెలుగులోకి తెచ్చే పనిలో తమ్ముడు కూడా తన వంతు చేశారు. దాచి ఉంచిన కాగితాలను 1878లో, అన్న పుస్తకపు పునర్ముద్రణతో పాటు, ఇప్పోలిత్ ప్రచురించారు. వాటిని చదివి విజ్ఞానలోకం ఆశ్చర్యపోయినది. ఉష్ణం ఒక ద్రవం వంటి పదార్థమని 1824 పుస్తకంలో అనుసరించిన భావాన్ని సాది తరువాత విడిచిపెట్టారు. ఉష్ణం ఒక రకమైన చలనమేనని గ్రహించి, ఒక కిలోకెలోరీ ఉష్ణం 370 కిలోగ్రాం-మీటర్ల పనికి సమానమని లెక్క కట్టారు. నేటి విలువ 427. మాయర్, జౌల్ 1840లలో కనుగొన్నదానిని ఆయన పదేళ్ళు ముందే కాగితంపై వ్రాసుకున్నారన్నమాట. ఆ కాగితాలు సకాలంలో అచ్చుకాకపోవటం చేత వాటి ప్రయోజనం లోకానికి అందలేదు.

మనుమలు – ఒక అధ్యక్షుడు, ఒక రసాయనవేత్త

ఇప్పోలిత్ తన పెద్దకుమారునికి అన్న పేరు కలిపి మారీ ఫ్రాన్స్వా సాది కార్నో అని పేరు పెట్టారు. 1837లో జన్మించిన ఈ రెండవ సాది కూడా పాలిటెక్నిక్‌లో చదివి, రోడ్లు వంతెనల ఇంజనీరై, ఆల్ప్స్ పర్వతప్రాంతంలోని ఆన్సీలో పనిచేశారు. తరువాత రాజకీయాలలో ప్రవేశించి, ప్రజాపనుల శాఖకు, ఆర్థికశాఖకు మంత్రి అయ్యారు. 1887లో దేశాధ్యక్షుని అల్లుడు బిరుదులు, పతకాలు అమ్ముకున్నాడన్న అపకీర్తితో అధ్యక్షుడు రాజీనామా చేశారు. దేశానికి మచ్చలేని మనిషి కావలసివచ్చినది. ఆ సంవత్సరం డిసెంబరు 3న సాది కార్నో అధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. వృద్ధుడైన తండ్రి ఆ శుభవార్త విని, మూడు నెలల తరువాత కన్నుమూశారు.

1889లో తాతగారి అస్థికలను మాగ్డెబర్గ్ నుండి తెప్పించి, మహనీయుల సమాధిమందిరమైన పాంథియన్‌లో ఉంచారు. అయిదేళ్ళకు, 1894 జూన్ 24న, లియోన్ నగరంలో ఒక ఇటాలియన్ అరాజకవాది అధ్యక్షుని కత్తితో పొడిచాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆయన ప్రాణం విడిచారు. ఆయనను కూడా తాతగారు ఉన్న పాంథియన్‌లోనే ఉంచారు.

అధ్యక్షుని తమ్ముడు అడాల్ఫ్ కార్నో 1839లో జన్మించారు. గనుల ఇంజనీరు, ఖనిజాల రసాయన విశ్లేషణలో నిపుణుడు. పారిస్ గనుల కళాశాలకు అధిపతిగా పనిచేశారు. 1899లో అమెరికాలోని కొలరాడో నుండి వచ్చిన పసుపుపచ్చని యురేనియం ఖనిజానికి ఆయన గౌరవార్థం ‘కార్నోటైట్’ అని పేరు పెట్టారు. 1921లో అమెరికా ప్రజలు మేడమ్ క్యూరీకి బహూకరించిన ఒక గ్రాము రేడియం ఆ ఖనిజం నుండి తీసినదే. ఆ విధంగా ఒక ఇంటిపేరు రాతిలోకి కూడా ప్రవేశించినది.

పేరు ఇచ్చేది ఎంత?

మన కాలనీలలో పిల్లలను ‘ఫలానావారి అబ్బాయి’, ‘ఫలానావారి అమ్మాయి’ అని పరిచయం చేయటం పరిపాటి. తండ్రి ఇంజనీరైతే బిడ్డ కూడా ఇంజనీరే కావాలని, తండ్రి పదవికి పైమెట్టు ఎక్కాలని ఇంటిలోను, ఇరుగుపొరుగులోను ఆశించటం కూడా పరిపాటే. ఆ ఆశ బరువుకు క్రుంగిపోతున్న పిల్లలు మనకు తెలియనివారు కారు. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ కుటుంబాన్ని ఎంచుకున్నాము.

కార్నోల ఇంట ఇంటిపేరు ఎల్లప్పుడూ మేలే చేయలేదు. సాది ఉద్యోగానికి అది అడ్డు వచ్చినది. అంగడిలో ఆయన పుస్తకాన్ని మరుగుపరచినది. తండ్రి మంత్రి, సేనలను నడిపినవాడు. తమ్ముడు మంత్రి, తమ్ముని కొడుకు దేశాధ్యక్షుడు. వీరందరి నడుమ సగం జీతంపై సెలవులో కూర్చున్న ఒక చిన్న అధికారి బంధువుల కంటికి ఏమంత గొప్పగా కనిపించి ఉండడు. పాంథియన్‌లో కూడా ఆయనకు చోటు లేదు. అయినను నేడు ‘కార్నో’ అనగానే ప్రపంచమంతటా తరగతి గదులలో తలుచుకునేది ఆయననే. 2006లో ఫ్రాన్సు ప్రభుత్వం పరిశ్రమలతో కలిసి పనిచేసే పరిశోధనాసంస్థలకు ‘కార్నో’ గుర్తింపు ఇవ్వటం ప్రారంభించినది. 2024లో ఆయన పుస్తకానికి రెండు వందల సంవత్సరాలు నిండాయి.

తండ్రి బిడ్డలకు పదవిని అప్పగించలేదు. దగ్గర కూర్చోబెట్టుకొని గణితం చెప్పారు. ప్రశ్న అడిగే పద్ధతి నేర్పారు. ఆ పద్ధతితో ఒక కొడుకు ఆవిరియంత్రం వైపు, ఒక కొడుకు బడి వైపు నడిచారు. సాయంత్రం ఇంటికి చేరిన తరువాత పిల్లల ప్రక్కన ఒక అరగంట కూర్చోవటానికి మనకెవరికీ పై అధికారి అనుమతి అవసరం లేదు. అలాగే, పనిచేసే చోట మనం గమనించిన చిన్న విషయాన్నైనా సొరుగులో దాచక, వ్రాసి పదిమందికి అందజేయటం అవసరం. సాది కాగితాలు అచ్చులోకి రావటానికి నలుబది ఆరు సంవత్సరాలు పట్టినది. మన పరిశీలనలకు అంత నిరీక్షణ అక్కరలేదు, ఈ పత్రిక ఉన్నది.